రాత్రి బాగున్న బండి తెల్లవారేసరికి మొరాయిస్తోంది, అదీ కొన్ని రాత్రులే

చెరువుగట్టు (సఖినేటిపల్లి):

నమస్కారమండీ. నెలన్నరగా నా బండి నాతో దోబూచులాడుతోంది. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఏమనుకోకండి. రెండు ముక్కల్లో అడిగిన ప్రతిసారీ “బ్యాటరీ మార్చేయండి” అని రెండు ముక్కల జవాబే వచ్చింది. అలా మార్చి మార్చి ఇప్పుడు మూడో బ్యాటరీ మీద ఉన్నాను. బండితో వచ్చినది రెండున్నరేళ్లు పనిచేసింది. రెండోది 11 నెలలు. ఇప్పుడున్నదానికి ఏడు నెలలే నిండాయి.

బండి 2021లో కొన్నది. బీఎస్-6, ఇంజెక్షన్ ఇంజిను, కిక్ లేదు. సెల్ఫ్ అందుకోకపోతే తోసి గేరు వేయడమే గతి. బ్యాటరీ మరీ అడుగంటితే పెట్రోలు పంపు కూడా తిరగదు కాబట్టి తోసినా ఫలితం ఉండదు. వాన కురిసిన మర్నాడు రొయ్యల చెరువు గట్టు మీద బండి తోయడమంటే ఏమిటో తెలిసినవారికి చెప్పక్కర్లేదు, తెలియనివారికి చెప్పినా అర్థం కాదు.

బయటినుంచి పెట్టించినవి: ఒక్కొక్కటి 20 వాట్ల ఎల్‌ఈడీ ఫాగ్ లైట్లు రెండు (రిలే ద్వారా), హ్యాండిల్ మీద వోల్టులు చూపించే యూఎస్‌బీ ఛార్జర్, సీటు కింద జీపీఎస్ ట్రాకర్. పక్క చెరువు దగ్గర బండి ఒకటి పోయాక, ఏడాదిన్నర కిందట ట్రాకర్ పెట్టించాను.

బ్యాటరీ 9 ఏహెచ్, అంటే ఒక ఆంపియర్ చొప్పున సుమారు తొమ్మిది గంటలు ఇచ్చేది. వారంలో మూడు నాలుగు రాత్రులు చెరువు దగ్గర షెడ్డులోనే పడుకుంటాను, మిగతావి ఇంటి దగ్గర. మేత లెక్కలు రాసే పుస్తకం వెనక పేజీల్లో 42 రోజులుగా బండి జాతకం కూడా రాస్తున్నాను. మొత్తం ఐదుసార్లు ఆగింది. ఐదూ చెరువు దగ్గరే. అలాగని చెరువు దగ్గర పడుకున్న ప్రతిసారీ ఆగదు. 20 రాత్రుల్లో 15 సార్లు పొద్దున్నే పిలిస్తే పలికింది. మంచి రోజున సాయంత్రం 12.6 వోల్టులు, పొద్దున 12.5. చెడ్డ రోజున పొద్దున 11.7, సెల్ఫ్ నొక్కితే రిలే టకటక కొట్టుకోవడం తప్ప మరేమీ లేదు. ఇంజిను నడుస్తున్నప్పుడు ఛార్జింగు 14.1 వస్తోంది కనుక అటువైపు లోపం లేదనే అనుకుంటున్నాను.

ఏరు దాటించే పంటు ఎక్కి నరసాపురం వెళ్లి ఒక మెకానిక్‌కి చూపించాను. ఆయన మైనస్ తీగ విప్పి మధ్యలో మీటరు పెట్టగానే 80 మిల్లీ ఆంపియర్లు చూపించింది. “ఇదిగో దొంగ” అని యూఎస్‌బీ ఛార్జర్ పీకేశారు. కాసేపు ఆగి చూస్తే 4. ఇద్దరం సంతోషించాం. పదిహేను రోజులు తిరగకుండా మళ్లీ ఆగింది. ఛార్జర్ డబ్బా ఇప్పుడు మా ఇంట్లో అలమరలో ఉంది, నేరం రుజువు కాని ముద్దాయిలా.

కొన్ని రాత్రులే ఎందుకు? అదీ నా ప్రశ్న.

అంతర్వేది తీరం:

ఉప్పుగాలి చోటు కదండీ, ముందు వైర్లను కలిపే కప్లర్లు, ఫ్యూజు డబ్బాలు విప్పి చూడండి. పచ్చటి చిలుము పట్టి ఉంటుంది. రాత్రి మంచుకు తడిసి అందులోంచి కరెంటు కారుతుంది, ఎండ పడగానే ఆరిపోతుంది. నా స్కూటర్‌కు హారన్ దగ్గర అదే జరిగింది. మంచు పడిన రాత్రులకూ బండి ఆగిన రోజులకూ పొంతన ఉందేమో మీ పుస్తకంలో చూడండి.

చెరువుగట్టు:

ఇక్కడ అడగక ముందే చూశానండీ. ఫాగ్ లైట్ల ఫ్యూజు హోల్డర్ నిజంగానే పచ్చబడి ఉంది, విరగ్గొడితే పొడి రాలింది. కొత్తది వేశాను. మూడు రోజుల తర్వాత మళ్లీ ఆగింది. మంచుతో పొంతన కుదరలేదు. ఆగిన ఐదింటిలో రెండు బాగా ఉక్కపోసిన రాత్రులు.

పాలకొల్లు రైడర్:

బ్యాటరీకి ఛార్జింగు సరిచేసి పంపే రెగ్యులేటర్ అయి ఉంటుంది. లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్ లీకైతే బ్యాటరీ కరెంటు వెనక్కి మాగ్నెట్ కాయిల్‌లోకి పోతుంది. బండి వేడి మీద ఉన్నప్పుడు లీకు ఎక్కువ, చల్లారాక తక్కువ, అందుకే దొరకదు. బాగా తిప్పి వచ్చి, వేడి తగ్గకముందే మీటరు పెట్టండి. రెగ్యులేటర్ కప్లర్ ఊడదీస్తే అంకె తగ్గిందా, అదే కారణం. తగ్గకపోతే దాన్ని వదిలేయండి.

పాత వైండర్ (భీమవరం):

బాబూ, నలభై ఏళ్లు మోటార్లు చుట్టి, ఆటోలకు వైరింగ్ చేసి ఇప్పుడు ఊరికే కూర్చున్నవాణ్ణి. మీ రాతలో నాకు కనబడింది చెబుతాను.

మెకానిక్ దగ్గర 80 చూపించి తర్వాత 4కు దిగింది అన్నారు. ఛార్జర్ పీకినందుకే దిగిందని మీరు ఎలా నమ్మారు? వోల్టులు చూపించే ఆ చిన్న డబ్బా 80 తాగదు. నేను చూసినవి పది, ఇరవై దగ్గరే ఆగాయి. ట్రాకర్ సంగతి వేరు. మైనస్ తీగ విప్పి మళ్లీ కలిపితే దానికి కొత్తగా కరెంటు అందినట్టు లెక్క. లేచి కూర్చుంటుంది. ఉపగ్రహాలు వెతుక్కుంటుంది, టవరుతో మాట్లాడుతుంది. బండి కదలడం లేదని తేల్చుకున్నాక గాని నిద్రపోదు, దానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కొన్ని నిమిషాల్లోనే మీ మెకానిక్ స్క్రూ డ్రైవర్‌తో ఛార్జర్ విప్పుతూ ఉన్నాడు. ట్రాకర్ తనంతట తాను పడుకుంటే పేరు ఆయనకు వచ్చింది.

అందుకే ఇలాంటి బండికి మీటరు పెట్టే పద్ధతి వేరు. తీగ విప్పేముందే మరో చిన్న వైరుతో టెర్మినల్‌కూ తీగకూ వంతెన వేయాలి. మీటరు కలిపాక వంతెన తీసేయాలి. అలా చేస్తే కరెంటు క్షణం కూడా తెగదు, పడుకున్నది పడుకునే ఉంటుంది. ముందు 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి చూసి, చిన్న అంకె అని తేలాకే మిల్లీ ఆంపియర్లకు మారండి. మీటరు మధ్యలో ఉండగా తాళం తిప్పినా, సెల్ఫ్ నొక్కినా మీటరు ఫ్యూజు పోతుంది. నేను పోగొట్టినవి లెక్కలేదు. పెట్టాక ఒక్క నిమిషం చూసి తీసేయకండి, అరగంట కూర్చోండి.

ఇక అసలు సంగతి. ఈ ట్రాకర్లలో చాలావాటికి కదలిక పసిగట్టే గుణం ఉంటుంది. అదురు తగిలితే లేస్తుంది. చెరువు దగ్గర మీరు బండి ఎక్కడ పెడతారు? దాని పక్కన ఏముంది? ట్రాకర్ యాప్‌లో బండి ఆగిన రాత్రి తాలూకు చరిత్ర తెరిచి, ఎన్ని నిమిషాలకొకసారి కబురు పంపిందో కూడా చూడండి. మీటరు కంటే ముందు అది సాక్ష్యం చెబుతుంది.

చెరువుగట్టు:

పెద్దాయనకు దండం. రాత్రి మీ మాట చదివాక నిద్ర పట్టలేదు.

బండి పెట్టేది జనరేటర్ షెడ్డులో. గట్టు మీద రేకు కప్పు ఉన్న చోటు అదొక్కటే. జనరేటర్‌ను బిగించిన సిమెంటు దిమ్మ మీదే పక్కగా స్టాండు వేస్తాను. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి నీటిలో గాలి కలిపే ఏరేటర్లు రాత్రంతా తిరగాలి. కరెంటు ఉంటే మోటార్లు దాని మీద నడుస్తాయి, పోతే జనరేటర్ వేస్తాం. అంటే జనరేటర్ నడిచేది కరెంటు పోయిన రాత్రులే.

డీజిల్ పుస్తకం తీశాను. ఏ రాత్రి ఎన్ని గంటలు నడిచిందో, ఎన్ని లీటర్లు పోశామో అందులో ఉంటుంది. మేత పుస్తకం పక్కన పెట్టి తేదీలు చూసుకుంటూ వచ్చాను. బండి ఆగిన ఐదు రోజులకు ముందు రాత్రి ఐదుసార్లూ జనరేటర్ నడిచింది. నాలుగుసార్లు వరుసగా రెండేసి రాత్రులు నడిచింది. యాప్‌లో చూస్తే ఇంటి దగ్గరి రాత్రుల్లో గంటల తరబడి కబురు లేదు. ఆ ఐదు రాత్రుల్లో మాత్రం అర నిమిషానికొకటి చొప్పున “వాహనం ఇక్కడే ఉంది, ఇక్కడే ఉంది” అని తెల్లవార్లూ పాడుతూనే ఉంది. ఎక్కడికి పోతానమ్మా, దిమ్మ మీద ఉన్నాను కదా!

సాయంత్రం వంతెన వేసి మీటరు పెట్టి, కావాలనే జనరేటర్ వేయించాను. 4 ఉన్నది 70 దాటింది, కబురు పంపినప్పుడల్లా 90 దాకా ఎగిరింది. మా వైపు సిగ్నల్ అంతంతమాత్రం కనుక కేక గట్టిగా వేయాల్సి వస్తోంది కాబోలు. జనరేటర్ ఆపిన ఆరు నిమిషాలకు మళ్లీ 4. రెగ్యులేటర్ కప్లర్ ఊడదీసి కూడా చూశాను, అంకె కదల్లేదు. పాలకొల్లు వారు క్షమించాలి.

భీమవరం మీటరు:

ఆనందంలో ఉన్నారు, చల్లార్చడం ఇష్టం లేదు గానీ లెక్క కుదరడం లేదండీ. 80 మిల్లీ ఆంపియర్లు తొమ్మిది గంటలంటే 0.72 ఏహెచ్. రెండు రాత్రులకు 1.44. మీ బ్యాటరీ 9. ఆరోవంతు ఖర్చయితే ఏ బండీ ఆగదు. ట్రాకర్ నిజంగా దొంగే కావచ్చు, కానీ మీ జేబులో మీరనుకున్నంత డబ్బు లేదని నా అనుమానం.

ఇలా చేయండి. బ్యాటరీ విప్పి, 0.9 ఆంపియర్ ఇచ్చే నిదానపు ఛార్జర్ మీద నిండా పెట్టండి. కాసేపు ఆగనిచ్చి, పాత ఇండికేటర్ బల్బు 21 వాట్లది తగిలించండి. అది సుమారు 1.75 ఆంపియర్లు తాగుతుంది. వోల్టులు 10.8కి దిగేదాకా ఎన్ని గంటలు వెలిగిందో చూడండి. మంచి బ్యాటరీ నాలుగు గంటలు దాటాలి. 10.8 రాగానే బల్బు తీసి వెంటనే ఛార్జింగు పెట్టండి, అలాగే వదిలేస్తే ఉన్న ప్రాణం కూడా పోతుంది.

చెరువుగట్టు:

గంటా 25 నిమిషాలు.

అంటే రెండున్నర ఏహెచ్. ఏడు నెలల బ్యాటరీకి! పక్కన కూర్చుని బల్బు వంక చూస్తూ ఉంటే మా ఆవిడ “దీపం పెట్టారా దానికి” అని అడిగింది.

పాత వైండర్ (భీమవరం):

మరేమవుతుంది బాబూ. దిగినప్పుడల్లా పూర్తిగా నిండకుండానే తిరిగింది. పలకల మీద సల్ఫేటు పేరుకుపోయి ఉంటుంది. చెరువు నుంచి ఇంటికి ఎంత దూరం?

చెరువుగట్టు:

నాలుగు కిలోమీటర్లు. తెల్లవారుజామున పొగమంచులో ఫాగ్ లైట్లు వేసుకునే పోతాను. హెడ్‌లైట్ సరేసరి, 2017 ఏప్రిల్ తర్వాతి బండ్లకు ఆర్పే స్విచ్చే లేదు కదా. ఆ నాలుగు కిలోమీటర్లలో బ్యాటరీకి మిగిలేది ఏముంటుంది? రాజోలు వైపో మలికిపురం వైపో తిరిగే వారాల్లో బండి ఎందుకు మంచిగా ఉండేదో ఇప్పుడు తెలిసింది. ఒక్క రాత్రి జనరేటర్‌కే ఆగిన ఐదో రోజు కూడా తేలింది. అంతకుముందు రెండు రోజులు రొయ్యల పట్టుబడి హడావిడిలో బండి అసలు కదల్లేదు.

పాత వైండర్ (భీమవరం):

ట్రాకర్‌కు ఎన్ని వైర్లు ఉన్నాయి? రెండా, మూడా?

చెరువుగట్టు:

సీటు తీసి చూశాను. ఎరుపు, నలుపు కలిపి ఉన్నాయి. నారింజ రంగుది ఒకటి చుట్టచుట్టి టేపు వేసి ఉంది.

పాత వైండర్ (భీమవరం):

అదే మీ జబ్బు. ఆ నారింజ వైరు తాళం ఆన్‌లో ఉన్నప్పుడే కరెంటు వచ్చే లైనుకు పోవాలి. అది ఉంటే బండి ఆగి ఉందని ట్రాకర్‌కు తాళం చెబుతుంది. లేకపోతే అదురు మీద ఆధారపడుతుంది, జనరేటర్ పక్కన దానికి బండి నడుస్తున్నట్టే ఉంటుంది. పెట్టినవాడికి పని తొందర. 1 ఆంపియర్ ఫ్యూజు వేసి కలపండి. తర్వాత సెట్టింగులో నిద్రకు తాళాన్ని ఆధారం చేసి, అదురును దొంగతనం అలారానికి మాత్రమే ఉంచండి, దాని చురుకుదనం కూడా తగ్గించండి. లేదంటే జనరేటర్ వేసినప్పుడల్లా మీ ఫోను మోగుతుంది.

చెరువుగట్టు (మూడు వారాల తర్వాత):

నారింజ వైరు కలిపాను. సెట్టింగు మార్చాను. నాలుగో బ్యాటరీ వేశాను, తప్పలేదు. బండిని దిమ్మ మీద నుంచి దించి, రేకు కిందే మట్టి నేల మీద రెండు చెక్కలు వేసి నిలబెడుతున్నాను.

ఈ మూడు వారాల్లో ఆరు రాత్రులు జనరేటర్ నడిచింది. అందులో మూడు వరుసగా. ఆరుసార్లూ పొద్దున 12.6కు తగ్గలేదు. మొదటి రాత్రి అలారం చురుకుదనం తగ్గించడం మరచిపోయాను. రెండింటికి ఫోను మోగితే కర్ర పట్టుకుని పరుగెత్తాను. అక్కడ జనరేటర్ తప్ప ఎవరూ లేరు.

మొన్న పంటు దాటి నరసాపురం వెళ్లి ఆ మెకానిక్‌కి జరిగినదంతా చెప్పాను. చిన్నబుచ్చుకుంటారేమో అనుకున్నాను. ఆయన ఒక్క నిమిషం ఆలోచించి, షాపు మూలన నెల రోజులుగా పడి ఉన్న ఒక స్కూటర్ చూపించారు. దానికీ ట్రాకర్ ఉంది. “ఆ వంతెన వైరు ఎలా వేశారో ఒకసారి చూపించండి” అన్నారు. ఛార్జర్ కూడా ఆయన చేతే తిరిగి బిగించుకుని, చివరి పంటుకు ఇవతలికి వచ్చాను.