నా తరఫున నా ఫాలోవర్లు ఒక పిల్లగాడిని తిట్టారు, ఇప్పుడు నేనేం చేయాలి?

గునుగుపూలు (ఆదివారం, రాత్రి 11:40)

నమస్తే అందరికీ. మాది మౌలాలి. పగలు పిల్లల పాఠాల వీడియోలకు బొమ్మలు వేసే ఉద్యోగం, రాత్రి పదింటి నుంచి నా సొంత బొమ్మలు. మన హైదరాబాద్ మనుషుల్ని యానిమే స్టైల్‌లో, అంటే జపాన్ కార్టూన్ల తరహాలో వేస్తాను. ఇరానీ చాయ్ హోటల్లో కప్పులు అందించే అబ్బాయి, మెట్రోలో నిలబడి నిద్రపోయే నర్సు, అలాంటివి. నాలుగేళ్లకు ఇన్‌స్టాగ్రామ్‌లో 18 వేల మంది అయ్యారు. నాకు అది చాలా పెద్ద సంఖ్య.

ఈ ఆషాఢంలో బోనం ఎత్తుకున్న అమ్మాయి బొమ్మ వేశాను. మా అమ్మ ప్రతి ఏడూ లాల్‌దర్వాజాలో బోనం ఎత్తుతుంది. కుండకు పసుపు, కుంకుమ బొట్లు, చుట్టూ వేపమండలు, పైన దీపం. నెత్తి మీది దీపం వెలుగు తన ముఖం మీద పడదు, కుండ అడ్డం వస్తుంది. అందుకని ముందు నడుస్తున్న ఆవిడ బోనం మీది దీపం ఈ అమ్మాయి కళ్లలో కనపడేలా వేశాను. యానిమే కళ్లలో మామూలుగా తెల్లటి చుక్కలు పెడతాం కదా, నేను వాటి బదులు సన్నటి దీపపు వత్తి పెట్టాను. ఆ కళ్లకే రెండు రాత్రులు పట్టింది. మొత్తం ఆరు రాత్రులు, 63 లేయర్లు (ఒకదాని మీద ఒకటి పేర్చే పొరలు).

పోస్టు చేసిన గంటకు ఒక కామెంటు వచ్చింది: "ఏఐ. కుడిచేతికి ఆరు వేళ్లు." అంటే నేను వేయలేదు, ఏఐతో చేయించానని. ఏఐ బొమ్మల్లో వేళ్ల లెక్క తప్పుతుంటుంది కదా.

2025 మార్చిలో చాట్‌జీపీటీతో అందరూ తమ ఫొటోలను గిబ్లీ (జపాన్ యానిమే స్టూడియో) బొమ్మలుగా మార్చుకున్నప్పటి నుంచి, యానిమే స్టైల్‌లో ఏం పెట్టినా "ఏ యాప్ ఇది" అని అడుగుతున్నారు. మా చిన్నాన్న కూడా అడిగాడు. అన్నిసార్లూ ఊరుకున్నాను. ఆ రోజు ఊరుకోలేకపోయాను. ఆ కామెంటుకు స్క్రీన్‌షాట్ తీసి, "ఆరు రాత్రులు కూర్చున్నందుకు నాకు దక్కింది ఇది" అని స్టోరీ పెట్టి పడుకున్నాను. అతని పేరు చెరపలేదు.

పొద్దున లేచేసరికి ఆ కామెంటు కింద రెండొందల పైన రిప్లైలు. బూతులు కూడా ఉన్నాయి. అంతటితో ఆగకుండా అతని పేజీకి వెళ్లారు. అతను పదో తరగతి పిల్లాడు. పేజీలో తొమ్మిది బొమ్మలు ఉంటే ఒక్కొక్కదాని కింద నవ్వే ఇమోజీలు, "ముందు నువ్వు నేర్చుకో" అని కామెంట్లు. మధ్యాహ్నానికి తొమ్మిదీ తీసేసి అకౌంట్ ప్రైవేట్ చేసుకున్నాడు. తీసేయకముందు నేను చూశాను. అందులో ఒకటి సిటీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న అబ్బాయి. గాలికి చొక్కా వీపు దగ్గర ఉబ్బిన తీరు ఎంత బాగా పట్టుకున్నాడో.

అప్పుడు నా బొమ్మను నాలుగింతలు పెద్దది చేసి చూసుకున్నాను. కుడిచేతిలో వేపకొమ్మ ఉంది. దాని కాడ చూపుడు వేలికీ మధ్య వేలికీ మధ్య నుంచి పైకి వస్తుంది. దీపం వెలుగు కోసం కాడకు పూసిన గోధుమరంగూ వేళ్ల రంగూ ఒకటే అయిపోయింది. ఫోన్‌లో చూస్తే అచ్చం ఆరో వేలే. ఏఐ అనడం తప్పు, కానీ వేలి సంగతిలో ఆ పిల్లాడి కన్ను కరెక్ట్.

రెండు రోజులుగా పెన్ను పట్టుకోలేదు. అతనికి మెసేజ్ చేయాలా? ఆ కామెంటు తీసేయాలా? నా కోసం కొట్లాడిన వాళ్లలో మొదటి రోజు నుంచీ ఉన్నవాళ్లున్నారు. కరీంనగర్ నుంచి ఒక చెల్లి, నేను 30 రూపాయలకు అమ్మిన మొట్టమొదటి స్టిక్కర్ కొన్నది తనే. వాళ్లను తప్పు పట్టాలంటే నోరు రావడం లేదు.

స్టిక్కర్ల సంచి (సోమవారం, పొద్దున 8:15)

గునుగుపూలు గారూ, నేను హైటెక్స్‌లో కామిక్ కాన్ (కామిక్స్, యానిమే అభిమానుల మేళా) జరిగినప్పుడు టేబుల్ పెట్టి ప్రింట్లు అమ్ముతుంటాను. ఇలాంటిది నా కళ్లముందు వేరే ఆర్టిస్టుకి జరిగింది.

స్టోరీ ఇరవై నాలుగు గంటలకు దానంతట అదే పోయిందని ఊరుకోకండి. స్క్రీన్‌షాట్లు తిరుగుతూనే ఉంటాయి, గొడవ జరిగిందని తెలిసిన వాళ్లకు మీరు తర్వాత ఏమన్నారో తెలియదు. ముందు ఆ పోస్టుకు కామెంట్లు ఆపేయండి. అతని కామెంటు తీసేస్తే దాని కింది తిట్లన్నీ కూడా పోతాయి, అందుకని తీసేయడమే మంచిది. కాకపోతే ఎందుకు తీశారో మీరే రాయాలి, లేకపోతే తప్పు దొరికిందని తీసేసింది అంటారు.

"దయచేసి ఎవరినీ తిట్టకండి" అని పొడిగా రాస్తే ఎవరూ వినరు. ఆ మాట ప్రతి ఆర్టిస్టూ అంటారు. పేరు చెరపకుండా పెట్టడం నా తప్పు, వేలు నిజంగానే అలా కనపడుతోంది అని రాయండి. మీ నోటి నుంచి ఆ రెండూ వస్తేనే వాళ్లు ఆగుతారు.

బ్రష్షు_బాకీ (సోమవారం, మధ్యాహ్నం 1:05)

నేను ఒప్పుకోను. మీరు తిట్టలేదు, తిట్టమనలేదు. పదో తరగతి అయినా సరే, నలుగురిలో "ఏఐ" అనేస్తే మన పొట్ట మీద దెబ్బ. పెళ్లికార్డు కోసం వధూవరుల్ని యానిమే స్టైల్‌లో వేయమని పోయిన ఏడాది నాకొక ఆర్డర్ వచ్చింది. రఫ్ (మొదటి చిత్తు బొమ్మ) ఓకే అయింది, రంగులు సగం అయ్యాయి. వాళ్ల బంధువు ఎవరో ఏఐలా ఉందన్నాడని అడ్వాన్స్ వెనక్కి అడిగారు. లేయర్లన్నీ చూపించాను, వినలేదు. తిరిగి ఇచ్చేశాను. ఒక్క మాట విలువ నాకు నాలుగు వేలు.

ఆ పిల్లాడి మీద జాలి ఉంది, కాదనను. కానీ మీరు మరీ వంగిపోతే రేపు ఇంకొకడు అంటాడు.

ఇక నుంచి ఒకటి చేయండి. బొమ్మలు వేసే క్లిప్ స్టూడియో యాప్‌లో కొత్త కాన్వాస్ తీసేటప్పుడే టైమ్‌లాప్స్ రికార్డు ఆన్ చేయండి, బొమ్మ వేసిన తీరంతా వేగంగా నడిచే వీడియోగా వస్తుంది. బొమ్మ అయిపోయాక ఆన్ చేస్తే అంతకుముందు వేసింది రాదు. ఫైలు బరువెక్కుతుంది, ఎక్కనివ్వండి. ఈ బొమ్మకు అది లేకపోతే, లేయర్లు ఒక్కొక్కటీ ఆఫ్ చేస్తూ స్క్రీన్ రికార్డు చేయండి. రంగులు పోయి, గీతలు పోయి, చివరికి రఫ్ మిగులుతుంది. అది చూశాక ఎవరూ మాట్లాడరు.

తెల్లారిబస్సు (సోమవారం, రాత్రి 9:30)

అక్కా, నేను ఆర్టిస్టును కాదు, ఫ్యాన్‌ను. ఇంటర్‌లో ఉన్నప్పుడు నాకు ఇష్టమైన ఒక ఆర్టిస్టును ఎవరో కాపీ అన్నారని మేం పదిమందిమి కలిసి ఆ మనిషి పేజీ మీద పడ్డాం. అప్పుడు నాకు తిడుతున్నాననే అనిపించలేదు. ఆ ఆర్టిస్టుకు ఏదో సాయం చేస్తున్నా అనుకున్నాను. పక్కరోజు ఆయన ఒక హార్ట్ పెట్టాడు మా కామెంట్లకు. దాంతో ఇంకో రెండు రోజులు చేశాం. ఆయన అప్పుడే "వద్దు" అని ఉంటే అక్కడే ఆగిపోయేవాళ్లం, నిజంగా.

ఆ కరీంనగర్ చెల్లికి మీరు విడిగా చెప్పండి. అందరిలో చెబితే సిగ్గుపడి వెళ్లిపోతుంది. నా కోసం నిలబడ్డావు, కానీ ఇలా వద్దమ్మా అంటే చాలు. మేం మీ దగ్గర ఆ ఒక్క మాట కోసమే ఉంటాం.

ఇద్దరు పిల్లల తల్లి (మంగళవారం, పొద్దున 6:50)

అమ్మా, మా పెద్దవాడూ పదో తరగతే. ఆ పిల్లవాడికి ప్రైవేట్‌గా పొడుగు పొడుగు మెసేజ్‌లు పెట్టకు. నీ మనసు మంచిదే, కానీ రెండొందల మంది తిట్టిన తర్వాత అదే పేజీ నుంచి మెసేజ్ వస్తే వాడు తెరవడానికే భయపడతాడు. తెరిచినా ఏం జవాబు ఇవ్వాలో తెలియదు, "పర్లేదు అక్కా" అని రాసి లోపల కుములుతాడు. నీ బాధ తీర్చే పని వాడి మీద పెట్టినట్టవుతుంది. నలుగురిలో జరిగింది కాబట్టి నలుగురిలోనే చెప్పు, పేరు లేకుండా. వాడు చూస్తాడు. ఈ వయసు పిల్లలు అన్నీ చూస్తారు.

గునుగుపూలు (శుక్రవారం, రాత్రి 12:20)

అందరికీ థాంక్స్. ఏం చేశానో చెబుతాను.

కామెంట్లు ఆపాను, అతని కామెంటు తీసేశాను. వేపకాడను లేత ఆకుపచ్చ చేసి, రెండు వేళ్ల మధ్య నీడ పెట్టి, పాత చెయ్యి, కొత్త చెయ్యి పక్కపక్కన పెట్టి కొత్త పోస్టు వేశాను. ఈ తప్పును పట్టుకున్నది ఒక పదో తరగతి అబ్బాయి, అతని పేరు బయటపెట్టి తిట్లు తినిపించింది నేను, అతని బొమ్మల మీద నవ్విన వాళ్లు నా కోసం నవ్వకండి అని రాశాను. బ్రష్షు_బాకీ గారూ, మీ నాలుగు వేల సంగతి చదివి చాలాసేపు ఆలోచించాను. అందుకే ఏఐ కాదని లేయర్ల వీడియో కూడా అదే పోస్టులో పెట్టాను. నీలం గీతల రఫ్ దాకా వెళ్లేసరికి నాకే ఏడుపొచ్చింది, ఆ రఫ్‌లో మా అమ్మ నడక అలాగే ఉంది.

నారాయణగూడలో వేయించిన ఇరవై ఏ3 ప్రింట్లలో పాత చెయ్యే ఉంది. వాటిని అమ్మను. 1,400 రూపాయలు పోయాయి, పోనివ్వండి. నూట నలభై మంది అన్‌ఫాలో చేశారు.

కరీంనగర్ చెల్లికి ఫోన్ చేశాను. ముందు కోపం తెచ్చుకుంది, "మీకోసమే కదా అక్కా" అంది. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. చివరికి తను పెట్టిన ఏడు రిప్లైలలో ఏమేం రాసిందో తనే చదివి వినిపించింది. నేను అడగలేదు.

నిన్న రాత్రి కొత్త పోస్టు కింద, ఫొటో లేని, ఒక్క పోస్టూ లేని కొత్త అకౌంట్ నుంచి ఒక కామెంటు వచ్చింది. "చెయ్యి ఇప్పుడు కరెక్ట్ అక్కా. ఎడమ చెవి కమ్మ కుడిదానికంటే పెద్దగా ఉంది చూడండి." ఎవరని అడగలేదు. బొమ్మ తెరిచి జూమ్ చేశాను. పెద్దగానే ఉంది. ఇప్పుడు అదే సరిచేస్తున్నాను.