న్యూ మెక్సికో వలంటీర్లు, 1861–65: ఒకే పేరున్న సిపాయిల్లో కావలసినవాణ్ణి పట్టుకోవడం ఎలా?

తూరుపుగాలి:
అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన స్పానిష్ భాషీయుల మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. వాల్వెర్డె (1862 ఫిబ్రవరి 21), గ్లోరియెటా కనుమ (అదే ఏడు మార్చి 26–28) పోరాటాల వివరాలు బాగానే దొరికాయి. మిగెల్ పీనో, మాన్యుయెల్ చావెస్ లాంటి అధికారుల గురించీ దొరికింది. ఇబ్బందల్లా మామూలు సిపాయితోనే. ఒక్కణ్ణయినా పుట్టుక నుంచి పింఛను దాకా కాగితాల్లో వెంబడించాలని ఉంది. నేషనల్ పార్క్ సర్వీస్ డేటాబేస్‌లో ‘హోసె చావెస్’ అని కొడితే వరసపెట్టి వస్తున్నారు. ఎవరు ఎవరో, రెండు రెజిమెంట్లలో కనిపించేది ఒకడేనో కాదో తేలడం లేదు. ఇంకో సందేహం: హిస్పానిక్ సైనికులు మొత్తం 10,000 అని ఒకచోట, 20,000 అని ఇంకోచోట ఉంది. ఏది రాయాలి?

పాతరీలు:
పేరు పట్టుకుని వెతకడం ఆపేయండి. కంపెనీ, అంటే రెజిమెంటులోని చిన్న దళాన్ని, పట్టుకోండి.

న్యూ మెక్సికోలో కంపెనీ అంటే చాలావరకు ఒక ఊరు, దాని చుట్టుపక్కల పల్లెలు. కెప్టెన్ తన ప్రాంతం వాళ్లనే చేర్చుకునేవాడు. కాబట్టి రెజిమెంటు, కంపెనీ అక్షరం తెలిస్తే మనిషి ఏ లోయవాడో సగం తెలిసినట్టే. ఈ రెండూ డేటాబేస్‌లో పేరు పక్కనే ఉంటాయి. ముందు వాటిని రాసుకోండి.

తర్వాత సర్వీసు రికార్డు. న్యూ మెక్సికో యూనియన్ (కేంద్ర ప్రభుత్వ పక్షం) దళాలవి అమెరికా ప్రభుత్వ పత్రాగారం నేషనల్ ఆర్కైవ్స్ మైక్రోఫిల్మ్ ఎం427లో ఉన్నాయి, వాటి సూచిక ఎం242. ఒక్కో సిపాయికి ఒక కవరు, లోపల చిన్న కార్డులు. యుద్ధకాలంలో రాసినవని వాటిని నమ్మేయకండి. పింఛను దరఖాస్తులు తేల్చడానికి ఆ తర్వాత ఎన్నో ఏళ్లకు వాషింగ్టన్ గుమాస్తాలు మస్టర్ రోల్స్ (హాజరు పట్టీలు) చూసి ఎత్తి రాసినవి అవి. అంటే పేరు రెండుసార్లు చెడింది: శాంటా ఫేలోనో ఫోర్ట్ క్రెయిగ్‌లోనో చెవికి వినబడ్డట్టు రాసినప్పుడు ఒకసారి, ఎత్తి రాసినప్పుడు మరోసారి.

ఒకడే రెండుచోట్ల కనిపించడానికి కారణం ఉంది. 1862 మే 31న 1, 2, 4, 5వ పదాతి రెజిమెంట్లను కలిపేసి కిట్ కార్సన్ కింద 1వ న్యూ మెక్సికో అశ్వికదళం ఏర్పాటు చేశారు. అటు మారిన ప్రతివాడికీ రెండు కవర్లు ఉండే వీలుంది. రెండిటినీ పక్కపక్కన పెట్టి చేరిన తేదీ, చేరిన ఊరు, వయసు, పుట్టిన ఊరు, ఎత్తు పోల్చండి. ఒక్క వయసు కలిస్తే చాలదు. ఎత్తు, పుట్టిన ఊరు, చేరిన తేదీ మూడూ కలిస్తే ఒకడే అనుకోవచ్చు.

ఇప్పుడు అసలు కిటుకు. పింఛను సూచికలు రెండున్నాయి. అందరూ వాడేది టి288, అది పేరు వరసలో ఉంటుంది. మీకు కావలసింది టి289. అది రాష్ట్రం, రెజిమెంటు, కంపెనీ వరసలో ఉండి, ఆ తర్వాతే పేర్లకు వస్తుంది. మీ సిపాయి కంపెనీ తెరిచి మొదటి కార్డు నుంచి చివరిదాకా చూడండి. ఒక కంపెనీలో ఒక సమయంలో సుమారు వందమందే ఉంటారు, పింఛను అడిగినవాళ్లు అంతకన్నా తక్కువ. పేరు ఎంత వంకరగా రాసినా కంటికి తగులుతుంది. టి288లో అయితే తప్పు అక్షరం కింద పడ్డవాడు జన్మలో దొరకడు.

కార్డు మీద దరఖాస్తు నంబరు, మంజూరు నంబరు వేరువేరుగా ఉంటాయి. మంజూరు నంబరు లేకపోతే పింఛను మంజూరు కాలేదని అర్థం, ఫైలు లేదని కాదు. అసలు ఫైలు చాలావరకు స్కాన్ కాలేదు, వాషింగ్టన్ నుంచి తెప్పించుకోవాలి. పింఛను ఫైలుకు ఫారం 85, సర్వీసు రికార్డుకు ఫారం 86. ఫారం 85లో పూర్తి ఫైలు కావాలని టిక్ పెట్టండి. ఎంపిక చేసిన పత్రాలు చాలంటే అసలు రసం ఉన్న అఫిడవిట్లు రావు. కార్డు మీద ‘ఎక్స్‌సి’తో మొదలయ్యే నంబరు కనిపిస్తే దాన్నీ రాయండి, ఆ ఫైళ్లు వేరే దారిలో వెళ్లి ఉండవచ్చు.

విచారణపుస్తకం:
పేర్ల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన ఇంటిపేర్లు ఇంగ్లీషులో నాలుగు రకాలుగా మారిపోయినట్టే ఇవీ. స్పానిష్‌లో బి, వి ఒకేలా పలుకుతాయి కాబట్టి బాకా, వాకా రెండూ చూడాలి. జె అక్షరం ‘హ’ పలుకుతుంది, హెచ్ పలకదు. అందుకని హరమీయో అనే ఇంటిపేరు జె కిందా, హెచ్ కిందా దొరుకుతుంది. ఎల్ జంట అక్షరం ‘య’ అవుతుంది, గయెగోస్‌ను గుమాస్తా ఎలాగైనా రాసి ఉండొచ్చు. చావెస్ చివర ఎస్, జెడ్ రెండూ ఉంటాయి. ‘దె’తో మొదలయ్యే పేర్లను డి కింద కూడా చూడండి. హోసె, మరియా అనేవి జ్ఞానస్నానంలో చాలామందికి తగిలించే ముందుపేర్లు. ‘హోసె మరియా’ ఆడమనిషి కాదు. జ్ఞానస్నానంలో హోసె ఫ్రాన్సిస్కో అయినవాడు సైన్యంలో ఉత్త ఫ్రాన్సిస్కోగా తేలవచ్చు.

ఇక తల్లి ఇంటిపేరు. ఒకే ఊళ్లో ముగ్గురు హోసె చావెస్‌లుంటే వేరు చేసేది అదే, కానీ మస్టర్ రోల్‌లో అది ఉండదు. విచారణ గుడి (ఆ ప్రాంతపు కాథలిక్ చర్చి) జ్ఞానస్నాన పుస్తకంలో తండ్రి, తల్లి, చాలాసార్లు తాతమామ్మల పేర్లు కూడా ఉంటాయి. అక్కడికి చేరే వంతెన భార్య. వితంతు పింఛను అడిగినావిడ పెళ్లి రుజువు చూపించాలి, చాలాచోట్ల ఆ రుజువు గుడి రిజిస్టరు నుంచి చర్చి ఫాదర్ రాసిచ్చిన నకలే. అది ఫైల్లోనే ఉంటుంది. మనిషి బతికుండగానే పింఛను బ్యూరో 1898లోనూ 1915లోనూ ప్రశ్నపత్రాలు పంపింది: భార్య పుట్టింటి పేరేమిటి, పెళ్లి ఎప్పుడు, ఎక్కడ, ఎవరు చేశారు, పిల్లలు ఎప్పుడు పుట్టారు. ఫైలు రాగానే నేను ముందు వెతకమనేది ఈ కాగితాలే. సాక్షుల అఫిడవిట్లు కూడా వదలొద్దు, వాళ్లు సాధారణంగా అదే కంపెనీవాళ్లు, పక్కింటివాళ్లు. సంతకం బదులు ఇంటూ గుర్తుంటే పేరు రాసింది గుమాస్తా, ఆ వర్ణక్రమానికి విలువ ఇవ్వకండి.

పుట్టిన దేశం ‘మెక్సికో’ అని ఉంటే వలసవచ్చాడని రాసేయకండి. 1848 దాకా న్యూ మెక్సికోయే మెక్సికో. 1835లో టావోస్‌లో పుట్టినవాడు ఇల్లు కదలకుండానే దేశం మారాడు.

నదిఅవతల:
పై ఇద్దరూ యూనియన్ వైపే చెప్పారు. వ్యాసం ‘స్పానిష్ భాషీయుల’ మీద అయితే టెక్సస్ వదలడం కుదరదు. లరేడోలో సాంటోస్ బెనవీడెస్ కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది పక్షం) కల్నల్. 1864 మార్చి 19న ఆ ఊరి మీదికి వచ్చిన యూనియన్ దళాన్ని తిప్పికొట్టాడు. ఆ పక్షం వాళ్ల సర్వీసు రికార్డులు ఎం323లో, టెక్సస్‌లోనే యూనియన్‌లో చేరినవాళ్లవి ఎం402లో. రెండూ చూడాలి, ఎందుకంటే సరిహద్దులో పక్షం మారడం మామూలే. ఆడ్రియన్ విడాల్ కాన్ఫెడరేట్ కెప్టెన్‌గా ఉండి 1863లో తిరగబడ్డాడు, యూనియన్ వైపు చేరి అక్కడా నిలవలేదు.

కాన్ఫెడరేట్ల కోసం టి288, టి289 తిరగేయడం దండగ. ఓడినవాళ్లకు కేంద్రం పింఛను ఇవ్వలేదు. టెక్సస్ రాష్ట్రమే 1899 నుంచి ఇచ్చింది, ఆ ఫైళ్లు ఆస్టిన్‌లోని రాష్ట్ర గ్రంథాలయంలో ఉన్నాయి. మనిషి చివరికి ఏ రాష్ట్రంలో బతికాడో ఆ రాష్ట్రాన్నే అడగాలి.

జనాభా లెక్కల్లో రెండు చోట్లు: 1890 మాజీ సైనికుల ప్రత్యేక జాబితా (ఎం123), 1910 లెక్కల్లో మాజీ సైనికుడా అని చెప్పే 30వ గడి. మొదటిదాంట్లో అక్షరక్రమంలో కెంటకీకి ముందున్న రాష్ట్రాలవి దాదాపు పోయాయి. న్యూ మెక్సికో, టెక్సస్ ఉన్నాయి, కాలిఫోర్నియా లేదు. అక్కడి నేటివ్ కావల్రీ బెటాలియన్‌వాళ్ల కోసం ఈ 1890 జాబితా పనికిరాదు.

10,000, 20,000 రెండూ అంచనాలే. 1860 లెక్కల్లో హిస్పానిక్ అనే గడి లేదు, మస్టర్ రోల్‌లోనూ లేదు. ఇంటిపేర్లు చూసి లెక్కేస్తే గార్సియా దొరుకుతాడు, యూనియన్ నౌకాదళాధిపతి ఫ్యారగట్ దొరకడు, వాళ్ల నాన్న మినోర్కా ద్వీపంవాడైనా సరే. ఒక్క అంకె రాయకండి, ఎవరిని లెక్కపెట్టారో రాయండి.

తూరుపుగాలి:
ముగ్గురికీ కృతజ్ఞతలు. టి289 సంగతి నాకు అసలు తెలియదు. ఒక కవర్లో ‘పారిపోయాడు’ అని ఉంది, రెండు కార్డుల తర్వాత ‘హాజరు’ అని ఉంది. ఎలా అర్థం చేసుకోవాలి?

పాతరీలు:
మస్టర్ సాధారణంగా రెండు నెలలకోసారి. ఆ రోజు వరసలో లేనివాడు సెలవు మీరి ఇంటి దగ్గరున్నా ‘పారిపోయాడు’ అయిపోతాడు. ఈ వలంటీర్లకు జీతాలు నెలల తరబడి ఆలస్యమయ్యాయి, పొలం పనికి వెళ్లి వచ్చినవాళ్లున్నారు. కవరు వెనకవైపు విడి కాగితాలుంటే కోర్టు మార్షల్ (సైనిక న్యాయవిచారణ) జరిగిందో, ఆరోపణ కొట్టేశారో తెలుస్తుంది. అవి లేకపోతే కార్డులో ఉన్నమాటే రాసి వదిలేయండి.

ఇదే జాగ్రత్త వాల్వెర్డె విషయంలోనూ కావాలి. పీనో రెజిమెంటు నది దాటలేదని యూనియన్ సేనాని కాన్బీ తన నివేదికలో తప్పును వలంటీర్ల మీదికి నెట్టాడు. అదే రోజు కార్సన్ రెజిమెంటు నది దాటి కుడివైపు పోరాడింది. యుద్ధ నివేదికల ప్రభుత్వ సంకలనం అఫీషియల్ రికార్డ్స్ మొదటి శ్రేణి, 9వ సంపుటంలో ఉన్న మిగతా అధికారుల నివేదికలు పక్కన పెట్టుకుని చదవండి.

ఇంకొకటి. 1862 వేసవి తర్వాత మీ సిపాయి కార్డుల్లో కాన్ఫెడరేట్లు కనబడరు. మెస్కలేరో అపాచీలు, నవాహోలు, 1864 జనవరిలో కాన్యన్ డె షే, నవంబరు 25న అడోబి వాల్స్, అన్నీ ఆదివాసుల మీది దాడులే. పింఛను మాత్రం అంతర్యుద్ధం పద్దులోనే వచ్చింది. దాన్ని వదిలేసి రాస్తే ఆ మనిషి సర్వీసులో ఎక్కువ భాగం వదిలేసినట్టే.