మ్యూజియంలో చూసిన ఎనామెల్ పలక: మిగతా పేటిక ఏమైంది?

నిన్న మ్యూజియంలో ఒక ఎనామెల్ పలక (లోహం మీద రంగు గాజు కరిగించి చేసేది) చూశాను. అరచేతిలో సగం కూడా లేదు. రెక్కలు చాపిన దేవదూత బొమ్మ. పక్కన చీటీలో "12వ శతాబ్దం, మ్యూజ్ నది లోయ, పవిత్ర అవశేషాల పేటికలోని ముక్క" అని ఉంది. అంటే బెల్జియం వైపు చేసిన, క్రైస్తవ సాధువుల ఎముకల్లాంటివి దాచే పెట్టెలోది. అంచున చిన్న చిన్న రంధ్రాలు, ఒక మూల నీలం ఊడిపోయింది. మిగతా పేటిక ఏమైనట్టు? రెక్కలో ఆకుపచ్చ మెల్లగా పసుపులోకి జారింది, మధ్యలో గీతే లేదు. బ్రష్‌తో వేశారా?

జవాబు 1:
సన్నటి తీగలు అతికించి మధ్యలో రంగు నింపుతారు కదా, అదే అనుకుంటా.

జవాబు 2:
తీగ పని కాదండీ. నేను రాగి మీద ఎనామెల్ చేస్తుంటాను కాబట్టి చెబుతున్నా. దీన్ని షాంప్లెవే అంటారు. మందపాటి రాగి రేకునే ఉలితో తొలిచి గుంటలు చేస్తారు. మీకు గీతల్లా కనిపించేది తొలచకుండా వదిలేసిన రాగే. గుంటలో తడిపిన గాజు పొడి నింపి కాలిస్తే కరిగి కుంగుతుంది, మళ్లీ నింపి మళ్లీ కాల్చాలి. చివర్లో రాయితో అరగదీసి, పైకి కనిపించే రాగికి పాదరసం కలిపి బంగారు మొలాము చేస్తారు.

ఆ రెక్క రంగు మ్యూజ్ పనివాళ్ల గొప్పతనం. ఒకే గుంటలో రెండు పొడులు, మధ్య గోడ లేకుండా. నేను ఐదుసార్లు ప్రయత్నిస్తే నాలుగుసార్లు బురద రంగు వచ్చింది!

పేటిక సంగతంటారా, లోపల చెక్క, పైన మేకులతో కొట్టిన రేకులు. బంగారం, వెండి అయితే కరిగించుకుంటారు, రాగిని కరిగిస్తే ఏమొస్తుంది? అందుకే ఇలాంటి ముక్కలు మిగులుతాయి. బెల్జియంలోని స్టావెలో మఠంలో సెయింట్ రెమాక్లస్ అనే సాధువు పేరిట పెద్ద వెండి రెటేబుల్ (చర్చిలో పూజాపీఠం వెనక నిలబెట్టే అలంకార ఫలకం) ఉండేది. అదిప్పుడు లేదు. 1661లో గీసిన బొమ్మ ఉండబట్టి రూపం తెలిసింది. దాంట్లోని రెండు గుండ్రటి ఎనామెల్ పలకలు మాత్రం దక్కాయి, ఒకటి బెర్లిన్‌లో, ఒకటి ఫ్రాంక్‌ఫర్ట్‌లో.

ప్రశ్న అడిగినవారు:
ఇవాళ మళ్లీ వెళ్లి చూశాను. మూడు రంధ్రాలు రాగి అంచులోనే ఉన్నాయి. నాలుగోది ఊడిన మూల దగ్గర, నీలం మధ్యలోంచి పోయింది.

జవాబు 2:
అయితే ఆ నాలుగోది తర్వాత ఎవరో కొట్టిందే అయ్యుంటుంది. చేసినవాడు మేకు చోట రాగిని వదిలేస్తాడు, గాజులోంచి కొట్టడు. నీలం ఎందుకు ఊడిందో కూడా తెలిసిపోయినట్టే.