ఎండాకాలం రాగానే లేత రంగులు ఎందుకు నప్పడం లేదు?

ప్రశ్న:
నాది చామనఛాయ. చలికాలంలో లేత గులాబీ, లేత నీలం బాగానే నప్పుతాయి. ఎండలు ముదిరాక అవే వేసుకుంటే ముఖం వాడిపోయినట్టు, బూడిద పూసినట్టు ఉంటోంది. కాలానికో జత రంగులు పెట్టుకోవాలా? మణికట్టు నరాలు ఆకుపచ్చగా ఉంటే పసుపు వైపు ఛాయ, నీలంగా ఉంటే గులాబీ వైపు ఛాయ అంటారు. నాకు రెండూ కనిపిస్తున్నాయి. తేల్చుకునేదెలా అండీ?

జవాబు 1:
నరాల సంగతి వదిలేయండి. నరం రంగు చర్మం మందాన్ని బట్టీ, గదిలోని వెలుతురును బట్టీ మారిపోతుంది. ముదురు ఛాయ ఉన్నవాళ్లకి అసలు సరిగా కనిపించదు కూడా. గుడ్డ పెట్టి చూసుకోవడమే నయం.

పగటిపూట, నేరుగా ఎండ పడని కిటికీకి ఎదురుగా కూర్చోండి. మేకప్ ఉండకూడదు. జుట్టుకు రంగు వేసుంటే తెల్లగుడ్డ చుట్టండి. పక్కన ముదురు రంగు గోడ ఉంటే చోటు మార్చండి, ఆ రంగు ముఖం మీద పడి లెక్క తప్పుతుంది. ఒకే రంగులో రెండేసి రకాలు తీసుకోండి: నారింజ వైపు మొగ్గే ఎరుపు, నీలం వైపు మొగ్గే ఎరుపు, మల్లె తెలుపు, మీగడ తెలుపు. ఒకదాని తర్వాత ఒకటి గడ్డం కింద పరుచుకుని, గుడ్డను కాదు, ముఖాన్ని చూడండి. కళ్ల కింది నలుపు, ముక్కు పక్క గీతలు, గడ్డం కింది నీడ తగ్గినట్టు అనిపిస్తే అది నప్పింది. ముందు గుడ్డే కంట్లో పడుతుంటే నప్పలేదు. రెండూ సమానంగా ఉంటే మీది మధ్యరకం ఛాయ, రెండు వైపులా వేసుకోవచ్చు.

జవాబు 2:
కాలం సంగతికి వస్తాను. ఎండకు చర్మానికి రంగునిచ్చే మెలనిన్ పెరిగి పైరంగు ముదురుతుంది. లోపలి ఛాయ పసుపు వైపా, గులాబీ వైపా అన్నది పెద్దగా మారదు. అంటే మీ గులాబీలో తప్పు లేదు, దాని లేతదనంతోనే ఇబ్బంది. లేత రంగు పక్కన ముదురు మరింత ముదురుగా కనిపిస్తుంది. పక్కపక్క రంగులు ఒకదాన్నొకటి ఇలా మార్చడాన్ని ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త షెవ్రోల్ 1839లోనే వివరించాడు. పైగా మిట్టమధ్యాహ్నపు వెలుతురుకు లేత రంగులు ఇంకా వెలిసినట్టు ఉంటాయి. రంగు కుటుంబం మార్చకుండా గాఢత పెంచండి: లేత గులాబీ బదులు రాణీ రంగు, లేత నీలం బదులు నెమలికంఠం.

మబ్బు పట్టిన రోజుల్లో వెలుతురు నీలంగా, చప్పగా ఉంటుంది. అప్పుడు బూడిద, ఖాకీ మెడ దగ్గర వద్దు. చలికాలంలో చర్మం పొడిబారి పొట్టు లేస్తే ఏ రంగైనా బూడిదగానే కనిపిస్తుంది. ముందు మాయిశ్చరైజర్ రాసి, ఆ తర్వాత రంగును తప్పుబట్టండి.

జవాబు 3:
పై మాటలో ఒక్కదానితో ఏకీభవించను. రాణీ రంగు అందరికీ కాదు. జుట్టు, కళ్లు, చర్మం మధ్య తేడా ఎంతుందో ముందు చూడాలి. ముఖం ఫొటోను బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చండి. జుట్టుకీ చర్మానికీ తేడా కొట్టొచ్చినట్టుంటే గాఢమైన రంగులు ఆగుతాయి. తేడా తక్కువగా ఉంటే అవే ముఖాన్ని మింగేస్తాయి, అప్పుడు ఇటుక రంగు, వంగపండు రంగు లాంటి నడిమి గాఢత చాలు.

ఇంకోటి, గుడ్డలు మారుస్తూ ఫోన్‌తో ఫొటోలు తీసి పోల్చకండి. ప్రతి గుడ్డకీ కెమెరా తెలుపును తనంతట తానే సరిచేసుకుంటుంది, చర్మం రంగు ఫొటోకో తీరుగా వస్తుంది. తప్పదంటే వైట్ బ్యాలెన్స్ (తెలుపును సరిచేసే ఆ అమరిక) మారకుండా లాక్ చేసి, ప్రతి ఫొటోలో ఒక తెల్లకాగితం ఉంచండి.

ప్రశ్న అడిగినవారు:
ఉన్న లేత చొక్కాలు పక్కన పడేయాలా మరి?

జవాబు 2:
అక్కర్లేదండీ. ముఖం మీద ప్రభావం చూపేది మెడ చుట్టూ ఉన్న రంగే. లేత చొక్కా మీద ముదురు చున్నీయో స్కార్ఫో వేసి, అది గడ్డానికి దగ్గరగా ఉండేలా చూడండి. లేదా మెడ లోతుగా ఉన్న చొక్కా ఎంచుకోండి, గుడ్డ ముఖానికి దూరం జరుగుతుంది. ప్యాంటుకైతే ఏ లేత రంగైనా ఫరవాలేదు. శాటిన్ లాంటి మెరిసే గుడ్డ మాత్రం నప్పని రంగును మరీ ఎక్కువగా ముఖం మీదికి కొడుతుంది. అలాంటి రంగు తప్పక వేసుకోవాలంటే మెరుపు లేని నూలులో తీసుకోండి.