65-23737 అనే స్టైల్ నంబరు జీటీఓకు రుజువవుతుందా?

ప్రశ్న:
మిషిగన్‌లో అమ్మకానికి ఉన్న 1965 పోంటియాక్ కారును చూసి వచ్చాను. బానెట్ ఎత్తితే, ఇంజిన్‌కూ లోపలి క్యాబిన్‌కూ మధ్య ఉండే ఫైర్‌వాల్‌కు బిగించిన చిన్న రేకు మీద ‘ఎస్‌టీ 65-23737’ అనే స్టైల్ నంబరు కనిపించింది. ఈ నంబరే జీటీఓకు, అంటే పోంటియాక్‌లో శక్తిమంతమైన ఇంజిన్‌తో వచ్చిన రకానికి, రుజువని చెబుతూ, అమ్మే ఆయన ధర కూడా జీటీఓ లెక్కనే అడుగుతున్నారు. ఈ అంకెలను ఎలా చదవాలో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1:
65 మోడల్ సంవత్సరం. తర్వాతి అయిదంకెల్లో మొదటిదైన 2 పోంటియాక్‌కు గుర్తు; జనరల్ మోటార్స్‌లో 1 షెవ్రొలేకు, 3 ఓల్డ్స్‌మొబైల్‌కు, 4 బ్యూక్‌కు చెందుతాయి. దాని పక్కనున్న 37 లెమాన్స్ అనే మోడల్ సిరీస్‌ను తెలుపుతుంది. చివరి 37 ఒక్కటే బాడీ ఆకారం, అంటే రెండు తలుపులుండి, పక్క అద్దాల మధ్య పిల్లర్ లేని హార్డ్‌టాప్. అక్కడ 27 ఉంటే పిల్లర్ ఉన్న కూపే, 67 ఉంటే కన్వర్టిబుల్ అయ్యేది.

జవాబు 2:
పై వివరణ సరైనదే కాబట్టి, అమ్మే ఆయన వాదన నిలవదండి. 1964, 1965 సంవత్సరాల్లో జీటీఓ విడి సిరీస్ కాదు, లెమాన్స్ మీద ఆప్షన్‌గా దొరికేది. అందువల్ల ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో వచ్చిన మామూలు లెమాన్స్ హార్డ్‌టాప్‌కూ ఇదే 23737 పడింది. 1966లో జీటీఓకు 242 అనే సొంత సిరీస్ వచ్చింది గనుక, 24217 అని కనిపిస్తే అది జీటీఓ హార్డ్‌టాప్ అని రేకును బట్టే చెప్పవచ్చు. మీ కారుకు ఆ వీలు లేదు.

డ్రైవర్ వైపు తలుపు తెరిచి, ముందు పిల్లర్ మీద ఉన్న వీఐఎన్‌ను (కారు గుర్తింపు నంబరును) కూడా చూడండి. 237375 తర్వాత ఫ్యాక్టరీ అక్షరం, ఆ తర్వాత సీరియల్ నంబరు ఉంటాయి. ఆ సీరియల్ 6తో మొదలైతే కారు ఆరు సిలిండర్ల ఇంజిన్‌తో తయారైనదే, జీటీఓ అయ్యే అవకాశమే లేదు. 1తో మొదలైతే వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజిన్) అని మాత్రమే తేలుతుంది. అది 326 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ ఉన్న లెమాన్స్ కూడా కావచ్చు.

ప్రశ్న అడిగినవారు:
కృతజ్ఞతలండి. సీరియల్ 1తోనే మొదలైంది. ఇంజిన్ మీద ‘డబ్ల్యూటీ’ అనే అక్షరాలు కూడా ఉన్నాయి.

జవాబు 2:
1965లో డబ్ల్యూటీ అంటే మాన్యువల్ గేర్లతో వచ్చిన 335 హార్స్‌పవర్ 389 ఇంజిన్, అంటే జీటీఓదే. అయితే అరవై ఏళ్లలో ఇంజిన్‌ను ఎవరైనా మార్చి ఉండవచ్చు. వీఐఎన్ ఆధారంగా పోంటియాక్ ఫ్యాక్టరీ రికార్డుల ప్రతులను ఇచ్చే పీహెచ్‌ఎస్ సంస్థ నుంచి కాగితాలు తెప్పించమని అమ్మే ఆయనను అడగండి. అందులో జీటీఓ ఆప్షన్ కనిపించేంత వరకు అడ్వాన్స్ ఇవ్వకండి.