కిరిబిల్లిలో 1930ల నాటి గార్డెన్ అపార్ట్‌మెంట్: తీసుకోవచ్చా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. పీఆర్ (శాశ్వత నివాస వీసా) మీద సిడ్నీ వచ్చి ఏడు నెలలైంది, మధ్యలో నెల రోజులు చెల్లి పెళ్ళికి గుంటూరు వెళ్ళొచ్చాం. కిరిబిల్లిలో పాత ఇటుక బిల్డింగు, కింది అంతస్తులో రెండు బెడ్‌రూముల ఫ్లాట్, వెనక నిమ్మచెట్టుతో చిన్న తోట. శనివారం వేలం. పార్కింగ్ లేదు. కారు లేకుండా అక్కడ గడుస్తుందా?

వెంట్‌వర్త్‌విల్ నుంచి: పార్కింగ్ తర్వాత తమ్ముడూ, ముందు గోడలు చూడు. 2017లో మేమూ అటువైపే గార్డెన్ ఫ్లాట్ కొన్నాం. వాలు మీద కట్టిన బిల్డింగు, వెనక గది గోడకి అవతల అంతా మట్టే. చూడ్డానికి వెళ్ళిన రోజు కొత్త రంగు వాసన. జూన్ వచ్చేసరికి ఆ రంగు పొక్కులు లేచి, అడుగున తెల్లగా ఉప్పు పూసింది. బీరువా ఆ గోడకే ఆనించాం. మా ఆవిడ పెళ్ళి పట్టుచీరకి బూజు పట్టింది. బయటి గోడ ఉమ్మడి ఆస్తి, బాగు చేయించాల్సింది ఓనర్స్ కార్పొరేషనే, అంటే ఫ్లాట్ల యజమానులందరి సంఘమే. స్ట్రాటా అంటే ఫ్లాట్ ఎవరిది వాళ్ళది, బయటి గోడలూ నేలా అందరిదీ. 2015 స్ట్రాటా చట్టం, సెక్షన్ 106. కమిటీ మాత్రం "మీరు కిటికీలు తెరవరు, వంట ఆవిరి" అంటూ పదకొండు నెలలు తిప్పింది. ట్రిబ్యునల్‌కి వెళ్తామన్నాక కదిలారు. ఫండ్‌లో డబ్బు లేదని స్పెషల్ లెవీ (యజమానులందరి నుంచి అదనపు వసూలు) వేశారు, అందులో మా వాటా మేమూ కట్టాం. స్ట్రాటా రిపోర్టు (ఆ సంఘం రికార్డుల తనిఖీ) తెప్పించి మీటింగుల మినిట్స్ మొత్తం చదువు.

ది పాండ్స్ నుంచి: అసలు అది స్ట్రాటా టైటిలా, కంపెనీ టైటిలా? స్ట్రాటా చట్టం వచ్చిందే 1961లో. అంతకుముందు కట్టినవి కొన్ని ఇప్పటికీ కంపెనీ టైటిలే. అందులో ఫ్లాట్ కాదు, బిల్డింగు సొంతదారైన కంపెనీలో షేర్లు కొంటావు. బోర్డు ఒప్పుకోవాలి, చాలా బ్యాంకులు లోన్‌కి వెనకాడతాయి. వేలంలో కొంటే ఐదు పని దినాల కూలింగ్ ఆఫ్ (మనసు మార్చుకుని వెనక్కి తగ్గే గడువు) లేదు. పైగా గత 12 నెలల్లో 200 రోజులు ఇక్కడ ఉండకపోతే విదేశీ కొనుగోలుదారు కింద లెక్కేసి 9 శాతం అదనపు స్టాంప్ డ్యూటీ. గుంటూరు రోజులు తీసేసి లెక్కపెట్టుకో.

వెంట్‌వర్త్‌విల్ నుంచి: పిల్లవాణ్ణి భయపెట్టకన్నా. పీఆర్ ఉన్నవాళ్ళు కొన్న మొదటి ఏడాదిలో వరుసగా 200 రోజులు అందులోనే కాపురముంటే ఆ డ్యూటీ లేదు.

ది పాండ్స్ నుంచి: నేను లేదన్నానా? గోడ బాగు చేయించడానికి మధ్యలో ఖాళీ చేయాల్సి వస్తే ఆ 200 ఏమవుతాయి? గోడ సంగతి చెప్పింది నువ్వేగా.

ఆర్టార్మన్ నుంచి: బాబూ, నువ్వు అడిగింది పార్కింగ్ కదా. మిల్సన్స్ పాయింట్ స్టేషన్, ఫెర్రీ రెండూ నడిచేంత దూరం, ఆఫీసుకి కారు అక్కర్లేదు. హారిస్ పార్క్ సరుకులకీ, హెలెన్స్‌బర్గ్ గుడికీ మాత్రం కావాలి. డిసెంబరు 31న బాణసంచా కోసం వీధులు మూసేస్తారు, ఆ రోజు చుట్టాల్ని పిలవకు.

ప్రశ్న అడిగినవారు: ఏజెంట్‌కి ఫోన్ చేశానండి. స్ట్రాటాయేనట. తోట మాత్రం ఉమ్మడి ఆస్తి, వాడుకునే హక్కు బైలాలో (బిల్డింగు నియమాల్లో) ఉందన్నారు.

వెంట్‌వర్త్‌విల్ నుంచి: ఆ బైలా కాపీ లాయర్‌కి చూపించు. తోట నీళ్ళు గోడలోకి దిగితే ఖర్చు ఎవరిదో అందులో ఉండాలి. గురువారం వాన అంటున్నారు, శుక్రవారం ఇంకోసారి చూపించమను. నేనూ వస్తాను.