డిగ్రీ లెక్కల్లో ఘన జ్యామితికి ఒక సెమిస్టర్ మొత్తం అవసరమా?

వాల్తేరు పాత ఎంపీసీ:
విశాఖలో నేను చదివిన కళాశాల గణిత విభాగం పాఠ్యాంశాల చరిత్రను పాత విద్యార్థుల సంచికకు రాస్తున్నాను. రాస్తుండగా ఒక సందేహం వచ్చింది. వార్షిక పరీక్షల కాలంలో మొదటి ఏడాది పేపరులో అవకలన సమీకరణాలు, ఘన జ్యామితి (సమతలం, గోళం, శంకువు వంటి త్రిపరిమాణ ఆకారాలను సమీకరణాలతో చదివే భాగం) కలిసి ఉండేవి. 2015-16లో సెమిస్టర్ పద్ధతి రాగానే ఆ పేపరును రెండుగా కోసి, మొదటి భాగాన్ని మొదటి సెమిస్టర్‌కూ రెండో భాగాన్ని రెండో సెమిస్టర్‌కూ సర్దారు. అంటే ఘన జ్యామితికి దక్కిన పీట దాని అవసరాన్ని తూచి వేసినది కాదు, కత్తెర పడిన చోటును బట్టి దక్కినది. 2020 సవరణలో సంఖ్యా పద్ధతులేమో (కచ్చితమైన జవాబు దొరకని చోట అంకెలతో దగ్గరి విలువ కట్టే పద్ధతులు) ఐదో సెమిస్టర్ ఐచ్ఛికాల జతల్లో ఒకదానిలోకి చేరాయి. అప్పట్లో కళాశాల వేరే జతను ఎంచుకుంటే విద్యార్థి వాటి ముఖమే చూసేవాడు కాదు. నా దృష్టిలో ఈ రెండూ స్థానాలు మార్చుకోవలసింది.

లెక్కల మాస్టారు, ఎంవీపీ కాలనీ:
కత్తెర సంగతి ఒప్పుకుంటాను, తీర్పు ఒప్పుకోను. గోళాన్ని ఒక సమతలం ఖండిస్తే వృత్తమే ఎందుకు వస్తుందో బల్ల మీద బొమ్మ గీసి చూపించేదాకా పిల్లలకు సమీకరణం అక్షరాల గుంపుగానే ఉంటుంది. ఆ చూపు అలవడకుండా సదిశా కలనంలో (వెక్టర్ కాలిక్యులస్) ఉపరితల సమాకలనులకు, అంటే వంపు తలాల మీద చేసే సమాకలనాలకు, వెళ్లినవాడు సూత్రం బట్టీ పట్టి గట్టెక్కుతాడు. ముప్పై ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నవాడిని, ఆ తేడా రెండో పుటకే తెలిసిపోతుంది.

వాల్తేరు పాత ఎంపీసీ:
మాస్టారూ, ఆ చూపు కావాలన్నదానికి నేను అడ్డు చెప్పను. కానీ దిక్ కొసైనులు (రేఖ దిశను తెలిపే సంఖ్యలు), సమతలం ఇంటర్ మొదటి ఏడాది గణితం 1బీ పేపరులోనే పిల్లలు చదివి వచ్చారు కదా. గోళం, శంకువులను సదిశా కలనానికి ముందుమాటగా చెప్పి, మిగిలిన వ్యవధి సంఖ్యా పద్ధతులకు ఇవ్వవచ్చు. ఓడలు కట్టే ఊరు మనది, సంఖ్యా పద్ధతుల్లో వంపు గీత కింది వైశాల్యాన్ని కొన్ని కొలతలతోనే కట్టే సింప్సన్ సూత్రానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? ఇరవై మీటర్ల పడవను నీటి మట్టం వద్ద ఐదేసి మీటర్లకు కొలిస్తే సగం వెడల్పులు 0, 2, 3, 2, 0 మీటర్లు వచ్చాయనుకుందాం. వాటిని 1, 4, 2, 4, 1తో గుణించి కూడితే 22. దాన్ని ఐదుతో గుణించి మూడుతో భాగించి, రెండు వైపులకూ కలిపి రెట్టింపు చేస్తే నీటి మట్టం వద్ద పడవ వైశాల్యం దాదాపు 73.3 చదరపు మీటర్లు. నౌకా నిర్మాణంలో ఈ లెక్క నిత్యం చేసేదే. అది తెలియకుండానే మన ఊళ్లో లెక్కల పట్టా చేతికి వస్తే బాగుంటుందా?

లెక్కల మాస్టారు, ఎంవీపీ కాలనీ:
పడవ లెక్క రేపే తరగతిలో చెబుతాను, దాని కోసం గోళాన్ని మాత్రం వదులుకోను. ఇంటర్‌లో చదివారన్న మాటకూ ఒక జవాబు ఉంది: చదివినది ఎంసెట్ (ఇప్పటి ఈఏపీసెట్) బిట్ల కోసం, నిరూపణ కోసం కాదు. మీరు అసలు నిలదీయవలసింది 2023-24 మార్పును. ఎంపీసీలో భౌతికశాస్త్రం సమ ఉజ్జీగా పక్కనే ఉండేది. ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ పద్ధతి వచ్చాక అది మైనరుగా (రెండో సబ్జెక్టుగా) ఎంచుకున్నవాడికే మిగిలింది. అవకలన సమీకరణం చెబుతూ లోలకం ప్రస్తావన తెస్తే తరగతిలో కొందరు కొత్తగా వింటున్నట్టు చూస్తున్నారు. సంచికలో ఆ సంగతికి ఒక పుట ఉంచండి.